పలక వచ్చింది, బలపం ఏది?

మన చదువు పలకతోనే మొదలౌతుంది. పలకకు కావలసింది ఒక్క బలపం. అది అరిగిపోతే పక్కవాణ్ణి ఓ ముక్క అడిగి తీసుకోవచ్చు. కరెంటు పోయినా, ఊరు అడవి మధ్యలో ఉన్నా, పలక మీద 'అ' దిద్దడం ఆగదు.

2010 తరువాత మన చేతుల్లోకి ఇంకో రకం పలక వచ్చింది. అదే టాబ్లెట్ కంప్యూటర్. ఆకారంలో పలకే. కాని దీనికి ఒకటి కాదు, రెండు బలపాలు కావాలి. మొదటిది బ్యాటరీని నింపే విద్యుత్తు. రెండోది గాలిలో తేలివచ్చే రేడియో తరంగం. ఈ రెంటిలో విద్యుత్తు లేకపోతే అది ఉత్త గాజుబిళ్ల. తరంగం అందకపోతే అందులో ముందే నింపిపెట్టిన పాఠాలతోనే సరిపెట్టుకోవాలి. కొత్త టాబ్లెట్లను అందరికంటే ముందు కొన్నవాళ్లు, అందరికంటే ముందు అందుకొన్న విద్యార్థులు సరిగ్గా ఈ రెండు చోట్లే ఇబ్బంది పడ్డారు. ఆ ఇబ్బందుల చరిత్రను మీరు తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే, ఏ కొత్త యంత్రాన్ని చూసినా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి అందులో దాగి ఉంది.

కొలిమి కంటే ముందు

ఆ ప్రశ్న అర్థం కావాలంటే, కంప్యూటర్లతో ఏ సంబంధమూ లేని చోటికి ఒకసారి వెళ్లి వద్దాం. అది భిలాయి. నేడు ఛత్తీస్‌గఢ్‌లో, ఆనాడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఉక్కు నగరం. పని వెతుక్కొంటూ వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీలో కొందరు ఆ కుటుంబాల పిల్లలే కావచ్చు.

సోవియట్ యూనియన్ సహకారంతో అక్కడ ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. మధ్యలో గడిచిన ఆ నాలుగేళ్లలో ఇంజనీర్లు కట్టింది కొలిమి ఒక్కటే కాదు. ఇనుప ఖనిజం ఎక్కడిది? దల్లీ-రాజహరా కొండల నుంచి రావాలి. సున్నపురాయి నందిని గనుల నుంచి, నీళ్లు తాండుల జలాశయం నుంచి, విద్యుత్తు కోర్బా నుంచి, బొగ్గు తూర్పున ఉన్న గనుల నుంచి రైళ్ల మీద రావాలి. ఈ దారులన్నీ సిద్ధం చేసుకొన్న తరువాతే కొలిమికి నిప్పు అంటించాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆపకుండా మండించాలి. మధ్యలో ఖనిజం రాకపోతే, నీళ్లు అందకపోతే, కోట్ల రూపాయల కొలిమి పాడైపోతుంది. అందుచేత 'ముందు కొలిమి కట్టేద్దాం, ఖనిజం సంగతి తరువాత చూసుకొందాం' అని అక్కడ ఎవరూ అనలేరు.

టాబ్లెట్ల విషయంలో మాత్రం అదే జరిగింది. ఎలాగో చూద్దాం.

కల పాతదే

చేతిలో పట్టే చదువుల కంప్యూటర్ అనే ఆలోచన కొత్తది కాదు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు అలన్ కే 1972లోనే 'డైనాబుక్' అనే యంత్రాన్ని ఊహించాడు. అన్ని వయసుల పిల్లలూ తమ వెంట తీసుకుపోగల కంప్యూటర్ అది. మన దేశంలో బెంగుళూరు శాస్త్రజ్ఞులు రూపొందించిన 'సింప్యూటర్' 2004లో 'అమిడా' పేరుతో మార్కెట్టుకు వచ్చింది. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, కేంద్ర మానవ వనరుల మంత్రి అర్జున్ సింగ్ 'సాక్షాత్' అనే నమూనాను ఆవిష్కరించారు. పది డాలర్ల లాప్‌టాప్ అని పత్రికలు దాన్ని ముందే ఆకాశానికి ఎత్తాయి. తీరా చూస్తే అది పూర్తి కంప్యూటర్ కాదని తేలి అందరూ నిరుత్సాహపడ్డారు.

2010 ఏప్రిల్ 3న అమెరికాలో ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను అమ్మకానికి పెట్టింది. మొదటి రోజునే సుమారు మూడు లక్షలు అమ్ముడుపోయాయి. వారం తిరక్కుండానే రెండు ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకటి: "కంప్యూటర్‌కు తగిలిస్తే ఛార్జింగు ఎక్కడం లేదు." రెండు: "వై-ఫై నిలవడం లేదు." ఈ రెండింటినీ ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. ఇందులో మీ పాఠ్యపుస్తకాలలో లేని భౌతికశాస్త్రం ఏమీ లేదు.

తొట్టి, కుళాయి

బ్యాటరీని ఒక నీళ్ల తొట్టి అనుకోండి. పైనుంచి కుళాయి నింపుతుంది, కిందినుంచి మీరు వాడుకొంటారు. తొట్టి నిండాలంటే వచ్చే నీళ్లు పోయే నీళ్లకంటే ఎక్కువ ఉండాలి.

మొదటి ఐప్యాడ్ బ్యాటరీలో పట్టే శక్తి సుమారు 25 వాట్-గంటలు. ఒకసారి నింపితే 10 గంటలు పనిచేస్తుందని సంస్థ చెప్పింది. అంటే వాడుతున్నప్పుడు అది గంటకు 2.5 వాట్-గంటల చొప్పున ఖర్చు చేస్తున్నదన్న మాట. ఇప్పుడు కుళాయి సంగతి. ఆనాటి కంప్యూటర్లలో సాధారణంగా ఉండే యుఎస్‌బి రంధ్రం 5 ఓల్టుల దగ్గర గరిష్ఠంగా అర ఆంపియర్ ఇస్తుంది. ఐదును అరతో గుణించండి: 2.5 వాట్లు!

వచ్చేదీ 2.5, పోయేదీ 2.5. ఇక తొట్టి నిండేదెలా? అందుకే తెర మీద 'ఛార్జింగు కావడం లేదు' అని కనిపించింది. పరికరం చెడిపోలేదు. తెర ఆర్పివేస్తే నెమ్మదిగా ఎక్కేది. కాని ఖాళీ బ్యాటరీ నిండడానికి పది గంటలకు పైగా పట్టేది. పరికరంతోపాటు ఇచ్చిన 10 వాట్ల ఛార్జరుతో అదే పని కొద్ది గంటల్లో అయిపోయేది. అంతవరకూ చేతి ఫోన్లను కంప్యూటర్‌కు తగిలించి నింపుకోవడం అలవాటైన జనానికి, ఆ అలవాటు పెద్ద తెర ఉన్న యంత్రానికి పనికిరాదని ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఛార్జరులోనూ ఓ చిక్కు ఉంది. ఎదుట ఉన్నది కంప్యూటరా, గోడ ఛార్జరా, ఎంత విద్యుత్తు తీసుకోవచ్చు అన్నది పరికరం కనిపెట్టాలి. కేబుల్‌లోని సమాచారపు తీగల మీద ఉండే ఓల్టేజీని బట్టి అది ఊహిస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో సంకేతం పెట్టుకొన్నది. సంకేతం అర్థం కాకపోతే పరికరం జాగ్రత్తకు అర ఆంపియరుతోనే సరిపెట్టుకొంటుంది. అందువల్ల 'పెద్ద ఛార్జరే కొన్నాను, అయినా ఎక్కడం లేదు' అనే ఫిర్యాదు వచ్చేది.

కేబుల్ సన్నగా ఉన్నా నష్టమే. ఓమ్ సూత్రం గుర్తుందా? తీగ నిరోధం 0.25 ఓమ్ అనుకొని, అందులో 2 ఆంపియర్లు పంపితే అర ఓల్టు తీగలోనే ఆవిరౌతుంది. ఛార్జరు దగ్గర 5 ఓల్టులు ఉన్నా పరికరానికి చేరేది 4.5 మాత్రమే.

వేడి మూడో శత్రువు. లిథియం-అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో మార్కెట్టులోకి తెచ్చింది. దాన్ని సాధ్యం చేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ బ్యాటరీ చాలా సుకుమారమైనది. దాని ఉష్ణోగ్రత సుమారు 45 డిగ్రీల సెల్సియస్ దాటితే సాధారణంగా ఛార్జింగును తగ్గించేలా, లేదా ఆపేలా ఏర్పాటు చేస్తారు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని సంస్థే చెప్పింది. మే నెలలో భిలాయిలోగాని రామగుండంలోగాని నీడపట్టునే 40 డిగ్రీలు దాటుతుంది. చల్లని దేశంలో గీసిన గీత మన ఎండకు సరిపోదు.

గోడ దాటని తరంగం

ఇక రెండో బలపం. వై-ఫైకి మూలమైన ప్రమాణం 1997లో వెలువడింది. అది ఎక్కువగా వాడే పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్. కాంతి వేగాన్ని దీనితో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు వస్తుంది. మీ జానెడు కంటే తక్కువ. లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకొనేలా ఈ పట్టీని మన ప్రభుత్వం 2005లో విడుదల చేసింది. లైసెన్సు లేని దారిలో రద్దీ తప్పదు. పక్కింటి వై-ఫై, బ్లూటూత్, చివరకు మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ పరిసరాల్లోనే పనిచేస్తాయి.

ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే తరంగ తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. దారిలో కాంక్రీటు గోడ, అందులోని ఇనుప చువ్వలు, ఇనుప బీరువా ఉంటే ఇంకా తగ్గుతుంది. లోహపు పెట్టె లోపలికి విద్యుత్ క్షేత్రం చొరబడదని మైకేల్ ఫారడే 1836లోనే ప్రయోగం చేసి చూపాడు. మొదటి ఐప్యాడ్ వీపు అల్యూమినియం రేకు! యాంటెన్నా ఊపిరి పీల్చుకోవడానికి ఎక్కడో ఒకచోట కిటికీ వదలాలి. మొబైల్ సిమ్ పెట్టుకొనే ఐప్యాడ్ పైఅంచున కనిపించే నల్లని ప్లాస్టిక్ పట్టీ ఆ కిటికీయే.

అయితే తప్పంతా తరంగానిదే కాదు. 2010 ఏప్రిల్‌లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం కొన్ని ఐప్యాడ్‌లను తన నెట్‌వర్కులోకి రానివ్వకుండా ఆపింది. కారణం తమాషాగా ఉంటుంది. నెట్‌వర్కులోకి వచ్చే ప్రతి పరికరానికి ఒక చిరునామా కొంత గడువుకు కౌలుకిస్తారు. హాస్టల్ గది లాంటిదే అనుకోండి. గడువు తీరాక మళ్లీ అడిగి పొడిగించుకోవాలి, లేదా తాళంచెవి ఇచ్చేయాలి. ఆ ఐప్యాడ్‌లు గడువు తీరినా అడగకుండా పాత గదిలోనే ఉండిపోయాయి. వార్డెన్ లెక్కలో గది ఖాళీ. దాన్ని ఇంకొకరికి ఇస్తాడు. ఒకే గదికి ఇద్దరు చేరితే ఏమౌతుంది? ఇద్దరి ఉత్తరాలూ తారుమారౌతాయి.

మరికొందరి ఇళ్లలో రౌటరు రెండు పౌనఃపున్యాలలో ఒకే పేరుతో ప్రసారం చేస్తుంటే, నిద్రలేచిన ఐప్యాడ్ తన పాత నెట్‌వర్కును గుర్తుపట్టలేకపోయేది. ఒక్కో పట్టీకి ఒక్కో పేరు పెట్టుకోమని సంస్థ సలహా ఇచ్చింది. 2010 జూలై 15న విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ సవరణలో వై-ఫైని మెరుగుపరచినట్లు ప్రకటించింది. కొన్నవాళ్లు ఓపికగా చేసిన ఫిర్యాదులు ఈ విధంగా మూడు నెలల్లో ఫలితమిచ్చాయి.

ఒక్క విషయం గమనించండి. ఆ మొదటి కొనుగోలుదార్ల ఇంట్లో రౌటరు ఉంది, గోడకు కరెంటు ఉంది, గొంతెత్తి అడిగే అలవాటు ఉంది. అందుకే అది కొన్నాళ్ల చికాకుగా మిగిలిపోయింది. ఇవేవీ లేనివాడి చేతికి టాబ్లెట్ వస్తే?

హైదరాబాదులో పుట్టిన 'ఆకాశ్'

35 డాలర్లకే విద్యార్థులకు టాబ్లెట్ ఇస్తామంటూ కేంద్ర మంత్రి కపిల్ సిబల్ 2010 జూలైలో ఒక నమూనా చూపారు. 2011 అక్టోబరు 5న న్యూఢిల్లీలో 'ఆకాశ్' విడుదలైంది. ఆ రోజు 500 మంది విద్యార్థులకు పంచారు. లక్షణాలు నిర్ణయించి, కొనుగోలు బాధ్యత చూసింది రాజస్థాన్ ఐఐటీ. సరఫరా చేసింది డేటావిండ్ సంస్థ. విడిభాగాలు కలిపి యంత్రంగా కూర్చింది మన హైదరాబాదులో. ప్రభుత్వానికి ఒక్కోటి సుమారు 50 డాలర్లు పడింది.

ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, 2,100 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ. ఆ ధరకు ఇది నిజంగా సాహసమే. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని చేతికి తీసుకొన్నవాళ్లు ఏం చెప్పారు? గట్టిగా నొక్కితేగాని తెర పలకడం లేదన్నారు. కొంతసేపటికే వేడెక్కుతోందన్నారు. బ్యాటరీ రెండు మూడు గంటలకు మించి రావడం లేదన్నారు. అన్నిటికంటే ముఖ్యం, అందులో సిమ్ పెట్టే చోటు లేదు. ఇంటర్నెట్ కావాలంటే వై-ఫై ఒక్కటే దారి.

2011లో ఎన్ని ఊళ్లలో వై-ఫై ఉంది? గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే జాతీయ పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2011 అక్టోబరు 25న. అంటే పలక విడుదలైన ఇరవై రోజుల తరువాత! రెండున్నర లక్షల పంచాయతీలను కలపవలసిన ఆ పథకమే తరువాత 'భారత్‌నెట్' అయింది. భిలాయి భాషలో చెప్పాలంటే, కొలిమికి నిప్పు అంటించిన తరువాత గనికి రైలు దారి వెయ్యడానికి సంతకం పెట్టారు.

విద్యుత్తు సంగతి మన తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకే 'పవర్ హాలిడే'లు ప్రకటించారు. పల్లెల్లో గంటల తరబడి కోతలు. బ్యాటరీ మూడు గంటలు, కోత అంతకంటే ఎక్కువ. ఇప్పుడు ఆ పలకతో రాత్రి చదువుకోదలచిన పల్లెటూరి విద్యార్థిని తలచుకోండి. వేగమైన ప్రాసెసర్ ఇచ్చినా అతనికి ఒరిగేదేమిటి?

ఈలోగా కొనేవారికీ అమ్మేవారికీ పరీక్షల మీద వివాదం వచ్చింది. పరికరం ఎంత దెబ్బకు ఓర్చుకోవాలి, ఎంత వానకు తట్టుకోవాలి అన్నదానిపై రాజస్థాన్ ఐఐటీ ఒకటన్నది, సంస్థ మరొకటన్నది. 2012లో బాధ్యత బొంబాయి ఐఐటీకి మారింది. 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 'ఆకాశ్-2'ను విడుదల చేశారు. ఇందులో ప్రాసెసర్ ఒక గిగాహెర్ట్జ్‌కు పెరిగింది, తెర తాకితే చాలు పలికేదైంది, బ్యాటరీ పెద్దదైంది. మొదటివాళ్ల ఫిర్యాదులే ఈ మార్పుల జాబితా అన్న మాట. బొంబాయి ఐఐటీ దీన్ని అధ్యాపకుల శిక్షణకు, ప్రయోగాలకు ఉపయోగించింది. ఇంటర్నెట్ లేకపోయినా నడిచే పాఠాలను అందులో నింపే పనీ సాగింది. కాని దేశంలోని కోట్లాది విద్యార్థుల చేతికి పలక అన్న కల నెరవేరకుండానే 2015లో ఆ ప్రాజెక్టు ముగిసింది.

తరువాత ఏం నేర్చుకొన్నాం?

పాఠం పూర్తిగా వృథా కాలేదు. 2013లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'యువ సూచనా క్రాంతి యోజన' కింద కళాశాల విద్యార్థులకు లాప్‌టాప్‌లు, టాబ్లెట్లు పంచింది. అదే ప్రభుత్వం 2018లో 'సంచార క్రాంతి యోజన' పేరుతో స్మార్ట్‌ఫోన్లు పంచినప్పుడు, తరంగం అందని ప్రాంతాల్లో టవర్లు నిర్మించడాన్ని కూడా పథకంలో చేర్చింది. ఖనిజానికి దారి కూడా లెక్కలోకి వచ్చిందన్న మాట.

ఛార్జరుల గందరగోళమూ తగ్గుతూ వచ్చింది. 2010 డిసెంబరులో వెలువడిన యుఎస్‌బి ప్రమాణం ప్రకారం ఛార్జరు నుంచి 1.5 ఆంపియర్లు తీసుకోవచ్చు. 2014లో టైప్-సి కనెక్టర్ వచ్చింది. ఇందులో ఛార్జరూ పరికరమూ ముందుగా 'నేనెంత ఇవ్వగలను, నీకెంత కావాలి' అని మాట్లాడుకొనే ఏర్పాటుంది. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లకు, టాబ్లెట్లకు టైప్-సి తప్పనిసరి. ఒక్కో కంపెనీకి ఒక్కో సంకేతం అన్న రోజులు పోతున్నాయి.

మీరూ పరీక్షించండి

సైన్సు చదివేవారు విన్నది నమ్మి ఊరుకోకూడదు. మీ ఇంట్లోనో కళాశాలలోనో వై-ఫై ఉంటే రౌటరు నుంచి ఒక్కో గది దూరం జరుగుతూ, పరికరంలో కనిపించే సంకేత బలాన్ని కాగితం మీద రాయండి. మధ్యలో బీరువా ఉన్నచోట, లేనిచోట విడివిడిగా చూడండి. తరువాత పరికరాన్ని బిగుతైన మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, కాసేపట్లో సంబంధం తెగుతుందేమో గమనించండి. మూత కొద్దిగా తెరిస్తే ఏమౌతుంది? ఫారడే పెట్టె మీ వంటింట్లోనే ఉంది.

అలాగే ఛార్జరు మీద సన్నని అక్షరాల్లో ఉండే ఓల్టులను, ఆంపియర్లను గుణించి వాట్లు కట్టండి. బ్యాటరీ వాట్-గంటలను దానితో భాగించండి. కనీసం ఎన్ని గంటల్లో నిండాలో తెలుస్తుంది. గడియారం పెట్టి కొలిస్తే అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ తేడాకు కేబుల్, వేడి, వాడకం, బ్యాటరీ నిండుతున్నకొద్దీ ప్రవాహాన్ని తగ్గించే ఏర్పాటు అన్నీ కారణాలే. ఒక్కోదాన్ని మారుస్తూ కొలిస్తే దేని వాటా ఎంతో కనిపెట్టవచ్చు.

ఇకమీదట ఎవరైనా మీ చేతిలో కొత్త యంత్రం పెట్టి దాని వేగం గురించి, ధర గురించి గొప్పగా చెబితే వినండి. విన్న తరువాత ఇది అడగండి: "దీన్ని నడిపించేది మా ఊరికి ఎలా వస్తుంది?" భిలాయిలో ఆ ప్రశ్నను కొలిమి కంటే ముందు అడిగారు కాబట్టే అక్కడ ఉక్కు కరిగింది. ఆకాశ్ విషయంలో ఆ ప్రశ్న అడగవలసినవాళ్లు అడగలేదు. చివరకు దాన్ని చేతపట్టుకొన్న విద్యార్థులు అడిగారు. మరుసటి పలక మెరుగ్గా వచ్చిందంటే అది వాళ్ల పుణ్యమే.